చలికి దుప్పటి, దిగులుకు తోడు



చలికాలం మొదలైతే మన బస్తీల్లో, హాస్టళ్లలో ఒక మాట ఎక్కువగా వినబడుతుంది. "ఏమో, మనసు బాగుంటలేదు." ఏమైందని అడిగితే ఏం కాలేదంటారు. జ్వరం లేదు, ఎవరితో గొడవ లేదు. కానీ పొద్దున లేవబుద్ధి కాదు. లేచినా స్నానం చేయబుద్ధి కాదు. పుస్తకం తెరిస్తే గంట సేపు అదే పేజీ. ఇంటి నుంచి ఫోన్ వస్తే ఎత్తబుద్ధి కాదు. సాయంత్రం ఆరు కాకముందే చీకటి పడుతుంటే గుండెల్లోకి ఏదో బరువు దిగుతుంది. ఈ చిన్న పుస్తకం అట్లాంటి వారి కోసం. అంతకంటే ఎక్కువగా వారి పక్కన ఉన్నవారి కోసం.

ముందు ఒక ప్రశ్న వేసుకుందాం. దిగులు పడటం తప్పా? తప్పయితే ఎవరి తప్పు?

లోకం దగ్గర దీనికి సమాధానాలు సిద్ధంగా ఉంటాయి. పూర్వజన్మ కర్మ అని ఒకరంటారు. గ్రహాలు బాగాలేవు, శాంతి చేయించు అని ఇంకొకరు. పని లేక, ఒళ్లు వంగక అని చుట్టాలు. మన ఉద్యమంలో ఉన్నవాళ్లు కూడా ఒక మాట అంటారు: "బాబాసాహెబ్ ఎన్ని కష్టాలు పడి చదివిండు, నీకేం తక్కువైంది?" నాలుగు మాటలూ వేరు వేరు నోళ్ల నుంచి వచ్చినా చేసే పని ఒకటే. బాధపడే మనిషినే దోషిగా నిలబెడతాయి. గ్రహాల మాట చెప్పేవాడు పైగా డబ్బు కూడా తీసుకుంటాడు.

ధమ్మం అట్లా మొదలుపెట్టదు. దుఃఖం ఉందని ఒప్పుకోవడం దాని మొదటి అడుగు. దానికి కారణం ఉందని వెతకడం రెండో అడుగు. నింద వేయడం ఏ అడుగులోనూ లేదు. శరీరానికి వచ్చే రోగం, మనసుకు వచ్చే రోగం అని రోగాలు రెండు రకాలని తథాగతుడు చెప్పాడు. శరీర రోగం లేకుండా ఏడాది, పదేళ్లు, చివరికి వందేళ్లు గడిపే మనుషులైనా ఉండొచ్చు గానీ, అర్హతులు తప్ప మనసు రోగం లేకుండా ఒక్క క్షణమైనా ఉండగలిగేవారు అరుదని కూడా చెప్పాడు. అంటే ఇది ఎవరో కొందరు "మెంటల్" వాళ్ల సంగతి కాదు. అందరి సంగతి.

ఆళవిలో ఒక చలి ఉదయం

అంగుత్తర నికాయంలో అచ్చంగా చలికాలం గురించే ఒక సంభాషణ ఉంది. ఆళవి దగ్గర శింశుప వనంలో, పశువులు నడిచే దారి మీద ఆకులు పరుచుకుని బుద్ధుడు కూర్చుని ఉన్నాడు. అటుగా నడుచుకుంటూ వచ్చిన హత్థకుడు ఆయన్ని చూసి అడిగాడు, రాత్రి బాగా నిద్ర పట్టిందా అని. పట్టింది, బాగా నిద్రపోయేవారిలో నేనూ ఒకణ్ణి అన్నాడు బుద్ధుడు. హత్థకుడికి ఆశ్చర్యం. మంచు కురిసే రోజులు, గిట్టలు తొక్కిన గట్టి నేల, పలచటి ఆకుల పడక, పలచటి బట్ట, చల్లటి గాలి. ఇందులో నిద్ర ఎట్లా పడుతుంది?

బుద్ధుడు ఎదురు ప్రశ్న వేశాడు. గాలి చొరబడని ఇల్లు, మెత్తటి పరుపు, దీపం, సేవలు, అన్నీ ఉన్న ధనవంతుడు ఉన్నాడనుకో. లోపల ఆశ, ద్వేషం, మోహం మంటలాగా కాలుస్తుంటే అతనికి నిద్ర పడుతుందా? పట్టదని హత్థకుడు ఒప్పుకున్నాడు. ఆ మంటలు ఆరిపోయినవాడికి ఆకుల మీద కూడా నిద్ర పడుతుందని ఆ మాట సారం.

ఇక్కడితో ఆగిపోతే ప్రమాదం. "చూశావా, అంతా మనసులోనే ఉంది, బయటి చలి లెక్కేం కాదు" అని ఎవరైనా మనకు పాఠం చెప్పేస్తారు. అందుకే వినయ పిటకంలోని ఇంకో సంఘటన దీని పక్కనే పెట్టి చదవాలి.

మూడు చీవరాల లెక్క

రాజగృహం నుంచి వైశాలికి వెళ్తూ బుద్ధుడు దారిలో భిక్ఖువులను చూశాడు. తల మీద, భుజం మీద బట్టల మూటలు మోస్తున్నారు. ఇంత పోగేయడం మంచిది కాదు, ఒక హద్దు పెట్టాలి అనుకున్నాడు. ఎంత హద్దు? ఆయన ఊహించి చెప్పలేదు. మంచు కురిసే ఒక రాత్రి వైశాలిలో గోతమక చైత్యం దగ్గర ఒంటి మీద ఒకే చీవరంతో ఆరుబయట కూర్చున్నాడు. మొదటి జాము గడిచేసరికి చలేసింది. రెండోది కప్పుకున్నాడు. నడి జాము గడిచేసరికి మళ్లీ చలేసింది. మూడోది కప్పుకున్నాడు. తెల్లవారుజామున నాలుగో పొర కావలసి వచ్చింది. అప్పుడు నియమం పెట్టాడు: పైన వేసుకునే సంఘాటి రెండు పొరలతో, మిగతా రెండూ ఒక్కొక్క పొరతో, మొత్తం మూడు చీవరాలు.

ఆ నియమం పెట్టేటప్పుడు ఆయన ఎవరిని మనసులో పెట్టుకున్నాడో గమనించండి. చలికి తట్టుకునే గట్టి భిక్ఖువులను కాదు. చలికి వణికేవారు, చలంటే భయపడేవారు కూడా వీటితో బతకగలరా అని లెక్క చూశాడు. ఆకుల మీద నిద్రపోగల మనిషే, ఇంకొకరి సంగతి వచ్చేసరికి దుప్పటి కొలత తీశాడు. ఓర్పు అనేది నాకు నేను పెట్టుకునే సాధన. ఎదుటివాడికి నేను ఇవ్వాల్సింది దుప్పటి. ఈ రెంటినీ తారుమారు చేసినప్పుడే ధమ్మం పేరుతో క్రూరత్వం మొదలవుతుంది.

కొత్తపేటలో చలికాలం

చలి దేశాల్లో శీతాకాలపు దిగులుకు వెలుతురు తక్కువ కావడం ఒక కారణమని వైద్యులు గుర్తించారు. 1984లో అమెరికాలో నార్మన్ రోసెంతాల్ బృందం దీన్ని ఒక రుగ్మతగా వివరించింది. తీక్షణమైన దీపాల వెలుగునే చికిత్సగా వాడి చూశారు. లండన్‌లో డిసెంబర్ చివర పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. మనకు అట్లా కాదు. హైదరాబాద్‌లో జూన్‌లో పగలు సుమారు 13 గంటలైతే డిసెంబర్‌లో 11 గంటలు. తేడా రెండు గంటలే. ఎండ కూడా బాగానే కాస్తుంది.

మరి ఇక్కడి దిగులు ఎక్కడిది? ఎండ ఆకాశంలో ఉంటే సరిపోదు, మనిషి మీద పడాలి. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి సందుల్లో ప్లైవుడ్ అడ్డం పెట్టి ఒక గదిని మూడు చేసిన హాస్టళ్లున్నాయి. కిటికీ లేదు. కిటికీ ఉంటే పక్క బిల్డింగ్ గోడ అడ్డం. పొద్దున చీకట్లో రీడింగ్ రూముకు పోయి, రాత్రి ట్యూబ్‌లైట్ కింద నుంచి తిరిగొచ్చే పిల్లవాడికి ఎల్బీనగర్‌లో ఉన్నా లండన్‌లో ఉన్నా ఒకటే.

ఇంకో కారణం సంక్రాంతి. జనవరి రెండో వారంలో ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడి చూడండి. విజయవాడ రోడ్డు మీద బస్సులు, కార్లు, నెత్తిన మూటలు. ఊరంతా ఊరికి పోతుంది. పోని వాళ్లుంటారు. నోటిఫికేషన్ కోసం మూడేళ్లుగా చదువుతూ, "ఇంకా రాలేదా జాబ్?" అనే ప్రశ్నకు జడిసి పోనివాళ్లు. డ్యూటీ దొరికితే చాలనుకునే వాచ్‌మెన్లు, డెలివరీ పిల్లలు. కొడుకులు విదేశాల్లో ఉండి అపార్ట్‌మెంట్లో మిగిలిన ముసలివాళ్లు. హాస్టల్ మెస్ మూసేస్తే ఆ మూడు రోజులు బన్ను, చాయ్‌తో గడిపేవాళ్లను మన వీధుల్లోనే చూడొచ్చు.

బతుకుతెరువు దెబ్బ కూడా ఉంది. కొత్తపేట పండ్ల మార్కెట్‌ను 2021లో బాటసింగారానికి తరలించారు. మార్కెట్ చుట్టూ బతికిన హమాలీకి, చాయ్ బండి ఆయనకు పోయింది కూలి ఒక్కటే కాదు. పొద్దున్నే పేరు పెట్టి పిలిచే పదిమంది కూడా పోయారు. ఇట్లాంటి దిగులును "ఒళ్లు వంగకపోవడం" అనగలమా?

మొగ్గల్లానుడికి చెప్పిన ఉపాయాలు

ధ్యానానికి అడ్డొచ్చే ఐదు నీవరణాల్లో థీనమిద్ధం ఒకటి. మనసు మొద్దుబారడం, ఒళ్లు బరువెక్కడం. ఇది ఎవరికి వచ్చింది? సాక్షాత్తూ అగ్రశ్రావకుడైన మొగ్గల్లానుడికి. కూర్చున్నచోటే కునుకుతున్న ఆయనకు బుద్ధుడు చెప్పినవి చూడండి. ఏ ఆలోచనతో ఉంటే మత్తు వచ్చిందో ఆ ఆలోచన మార్చు. విన్న ధమ్మాన్ని తలచుకో, పైకి వల్లించు. చెవులు లాగి, ఒళ్లు రుద్దుకో. లేచి కళ్లు నీళ్లతో కడుక్కో, దిక్కులు చూడు, తలెత్తి నక్షత్రాలు చూడు. మనసులో వెలుగును భావించు, పగలెట్లానో రాత్రీ అట్లాగే. లేచి అటూ ఇటూ నడువు. ఇవేవీ పనిచేయకపోతే కుడి పక్కకు తిరిగి పడుకో, లేవాలనే తలంపుతో.

ఇందులో తిట్టు ఒక్కటీ లేదు. శరీరానికి, కంటికి, కాలికి చెప్పిన మాటలే ఎక్కువ. వెలుగును భావించమన్నదీ, డాక్టర్ల దీపమూ ఒకటేనని మనం గొప్పలు చెప్పుకోవద్దు. అవి వేరు. కానీ మనసు మునిగినప్పుడు ఒంటి నుంచి మొదలుపెట్టొచ్చనే ఇంగితం రెండింటిలోనూ ఉంది. చివరి మాట ఇంకా ముఖ్యం. అన్నీ చేసినా కాకపోతే పడుకో అన్నాడు. ఓడిపోయావు అనలేదు.

రెండు బాణాలు, ఒక అనుమానం

బాధ తగిలినప్పుడు అది మొదటి బాణమని, దాని మీద మనం పడే ఏడుపు, చిరాకు రెండో బాణమని బుద్ధుడు చెప్పిన పోలిక మీలో చాలామంది వినే ఉంటారు. దిగులులో ఇది కళ్లకు కడుతుంది. "ఈ రోజు మనసు బాగలేదు" అనేది మొదటి బాణం. "నేను పనికిరానివాణ్ణి, ఎప్పటికీ ఇంతే" అనేది రెండోది. రెండో బాణాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటే సగం భారం దిగుతుంది.

కానీ ఒక అనుమానం రావాలి. అన్యాయం చేసేవాడు కూడా ఈ పోలికను వాడుకోవచ్చు కదా? "నీ బాధ నీ మనసులోదే, ధ్యానం చేసుకో" అని. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, హాస్టల్ నుంచి గెంటివేయబడిన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు చలిలో ఆరుబయట వెలివాడ వేసుకుని పడుకున్నారు. ఆ నెల 17న రోహిత్ వేములను కోల్పోయాం. అట్లాంటి చోట మొదటి బాణం గురించి మాట్లాడకుండా రెండో బాణం గురించి ఉపదేశం చేసేవాడు ధమ్మం చెప్పడం లేదు, బాణం వేసినవాణ్ణి దాస్తున్నాడు. బాబాసాహెబ్ దుఃఖానికి సాంఘిక మూలాలను చూపింది ఇందుకే. రెండో బాణం తీయడం మన సాధన. మొదటి బాణం ఆపడం మన ఉద్యమం. ఒకటి ఉంటే ఇంకొకటి అక్కర్లేదనుకోవద్దు.

బాబాసాహెబ్ పేరు చెప్పి పిల్లలను గద్దించేవారికి ఒక మాట. ఆయన ఐదుగురు పిల్లల్లో నలుగురు చనిపోయారు. 1926లో చిన్న కొడుకు రాజరత్న పోయినప్పుడు తన కుంగుబాటును మిత్రుడికి రాసిన ఉత్తరంలో దాచుకోలేదు. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగిన మనిషి ఆ దుఃఖంలో ఉన్న మనిషే. దుఃఖం లేకపోవడం ఆయన గొప్పతనం కాదు. దుఃఖాన్ని ఒకరితో చెప్పుకోగలగడం కూడా ఆయన నుంచి నేర్చుకోవాల్సిందే.

ఎవరు చూసుకోవాలి?

విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్న ఒక భిక్ఖువును బుద్ధుడు చూశాడు. ఎవరూ ఎందుకు చూసుకోవడం లేదని అడిగితే, నేను ఎవరికీ ఏ పనీ చేయలేదు, అందుకే అన్నాడా భిక్ఖువు. బుద్ధుడు ఆనందుడితో కలిసి స్వయంగా కడిగి, ఎత్తి మంచం మీద పడుకోబెట్టాడు. తర్వాత సంఘాన్ని పిలిచి చెప్పాడు: మీకు తల్లిదండ్రులు ఇక్కడ లేరు, ఒకరినొకరు మీరు చూసుకోకపోతే ఎవరు చూస్తారు అని.

హాస్టల్ గదికి ఇంతకంటే సరిపోయే మాట ఏముంది? దిగులులో ఉన్న మనిషి కూడా ఎవరికీ ఏమీ చేయలేడు. ఫోన్ ఎత్తడు, పలకరిస్తే విసుక్కుంటాడు. "వాడే మనతో ఉంటలేడు" అని వదిలేస్తాం. ఆ భిక్ఖువును వదిలేసిన కారణం కూడా అదే.

కాబట్టి ఈ చలికాలం కొన్ని పనులు చేద్దాం. మీరే దిగులులో ఉంటే, పొద్దున అరగంట ఎండలో నడవండి. సరూర్‌నగర్ చెరువు వైపైనా, మేడ మీదైనా సరే. ఒక్క మనిషికి నిజం చెప్పండి. మందుతో, సిగరెట్‌తో రాత్రిని లాగొద్దు. ఐదో శీలం ఉన్నది ఇట్లాంటి రాత్రుల కోసమే. పక్కవాడు దిగులులో ఉంటే ఉపదేశం చేయకండి. అన్నీ అనిత్యమే అన్న మాట మనకు మనం చెప్పుకుంటే జ్ఞానం, ఏడ్చేవాడికి చెప్తే తలుపు మూయడం. ఒక ప్లేటు ఇడ్లీ తీసుకుపోండి, పక్కన కూర్చోండి, నడుద్దాం పా అనండి. సంక్రాంతి మూడు రోజులు మీ వీధిలో ఎవరు మిగిలారో చూసి ఒక పూట అన్నానికి పిలవండి.

రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, నిద్ర, తిండి తప్పితే డాక్టర్ దగ్గరికి పోవాలి. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే రెండు వారాలు కాదు, ఆ రోజే, ఆ గంటే. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు ఏ వేళనైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అడగరు. అట్లాంటి మనిషిని ఒంటరిగా వదలకండి. ఎర్రగడ్డ పేరుతో జోకులు వేయడం ఇకనైనా మానుకుందాం. అది ప్రభుత్వ దవాఖాన, మనవాళ్లకు నయం చేసే చోటు. మానసిక వైద్యం పొందడం 2017 చట్టం మనకిచ్చిన హక్కు. మాత్ర వేసుకుంటే సాధన చెడదు. మందు ఇవ్వడాన్ని బుద్ధుడు సంఘంలో ఎన్నడూ కాదనలేదు.

మొదటి ప్రశ్నకు వద్దాం. దిగులు పడటం తప్పు కాదు. పక్క గదిలో దిగులు ఉందని తెలిసీ తలుపు తట్టకపోవడం గురించి మాత్రం ధమ్మం మనల్ని అడుగుతుంది. వైశాలిలో ఆ రాత్రి చలికి భయపడేవాణ్ణి తలచుకుని దుప్పటి కొలత తీసిన మనిషి దారిలో నడుస్తున్నామని చెప్పుకుంటున్నాం. ఈ పుస్తకం మూసి, ఈ వారం రోజులుగా కనబడనివాళ్లు ఎవరో ఒకసారి గుర్తు చేసుకోండి. వారికి ఫోన్ చేయండి.

నమో బుద్ధాయ. జై భీమ్.