దిగుడు లెక్క

మారథాన్‌కు తయారయ్యేవాళ్లు ఇప్పుడు మెట్ల మీద పడ్డారు. స్టేడియం గ్యాలరీ దొరికితే సరేసరి, లేకపోతే అపార్ట్‌మెంటు మెట్లే. 60 కిలోల మనిషి ఒక్క మెట్టు ఎక్కితే సుమారు 100 జౌళ్ల పని చేసినట్టు. చదును రోడ్డు ఇంత అడగదు. పిరుదులూ తొడలూ పిక్కలూ గట్టిపడతాయి, గుండె త్వరగా వేగం అందుకుంటుంది. హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్లు దాటినవాళ్లకు ఈ అవసరం విడమరిచి చెప్పక్కర్లేదు.

నన్ను ఆలోచనలో పడేసేది ఎక్కడం కాదు, దిగడం. శిక్షణ కాగితం మీద ఎన్ని అంతస్తులు ఎక్కాలో రాసి ఉంటుంది. దిగడం విశ్రాంతి కింద జమ. న్యూయార్క్ ఎంపైర్ స్టేట్ భవనంలో 1978లో మొదలైన మెట్ల పందెం 1576 మెట్లెక్కి 86వ అంతస్తు చేరడంతో సరి. అలిపిరి నుంచి 3550 మెట్లెక్కి మొక్కు తీర్చుకున్న మనవాళ్లలో చాలామంది కొండ దిగేది బస్సులోనే. పతకమైనా పుణ్యమైనా పైకెళ్లే కాళ్లకే ఎందుకు దక్కాలి?

ఒంటి లెక్క వేరు. ఎక్కేటప్పుడు తొడ కండరం కుదించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ, ఒంటి బరువు ఒక్కసారిగా కిందికి జారకుండా పట్టి ఉంచుతుంది. అలసిన మనిషి ముందు పాదం కింది మెట్టును వెతుక్కునే ఆ అరక్షణంలో వెనక కాలిని చూడండి: మోకాలు వంగుతుంటే తొడ సన్నగా వణుకుతుంది. ఆయాసం మాత్రం ఉండదు. మర్నాడు కుర్చీలోంచి లేవబోతే తెలుస్తుంది సంగతి. 1952లో అబట్, బిగ్‌ల్యాండ్, రిచీ అనే శాస్త్రజ్ఞులు రెండు సైకిళ్లను ఒకదానికొకటి వెన్ను పెట్టించి గొలుసుతో కలిపారు. ఒకరు ముందుకు తొక్కాలి, రెండోవారు వెనక్కి తిరిగే పెడళ్లను అడ్డుకోవాలి. బలం ఇద్దరిదీ సమానమే. ఆపుతున్న మనిషికి అయిన ఆక్సిజన్ ఖర్చు మాత్రం చాలా తక్కువ.

అయితే, రొప్పును బట్టి కష్టాన్ని కొలిచే మన అలవాటు ఎంత కష్టాన్ని చూడకుండా వదిలేస్తోంది? నోటిదాకా వచ్చిన మాటను మింగే కోడలు రొప్పదు. చేతిలో అధికారం ఉండీ దాన్ని వాడకుండా ఆగే అధికారీ రొప్పడు. వీళ్లిద్దరినీ ఒక గాటన కట్టలేం, నిజమే. ఆయన ఆగడం ఆయన ఎంపిక. ఆమె అసలెందుకు మింగాలన్నది వేరే ప్రశ్న, అడిగి తీరాల్సిన ప్రశ్న. కండరం ఒకసారి దిగి నొప్పి పడితే, కోలుకున్నాక రెండోసారి అదే దిగుడుకు అంతగా నొవ్వదు. కానీ దానికి మధ్యలో విశ్రాంతి దొరుకుతుంది. రోజూ తనను తాను పట్టి ఉంచుకునే మనిషికి ఆ వ్యవధి ఎవరిస్తున్నారు? ఓర్పు అలవాటవుతుందని తేలిగ్గా అనేస్తాం. అలవాటవుతోందో, లోపల అరిగిపోతోందో బయటివాళ్లకెలా తెలుస్తుంది?

పరుగు సంగతికొస్తే, మెట్లను శిక్షణలో కలుపుకునేవాళ్లు దిగిన అంతస్తులు కూడా రాసుకోవాలంటాను. మొదట్లో కొద్ది అంతస్తులు చాలు, అవీ నడిచే దిగాలి. మోకాళ్లు మొరాయిస్తే ఆ పూటకు లిఫ్టు ఎక్కడం నామోషీ ఏం కాదు. బోస్టన్ మారథాన్‌లో అందరికీ భయం 32వ కిలోమీటరు దాటాక వచ్చే హార్ట్‌బ్రేక్ హిల్ అంటేనే. హాప్కిన్‌టన్‌లో మొదలైన దారి మొదటి కిలోమీటర్లలో హాయిగా పల్లానికి దిగుతూ తొడలను తినేస్తుంది. చతికిలబడినవాళ్లు తిట్టేది మాత్రం కొండనే.