వెలయు విలువయు

వెల వర్తకుడు చెప్పునది. విలువ వాడుకలో తేలునది. ఈ రెండును లోకవ్యవహారమున నొక్కటియే యైనట్లు కానవచ్చును గాని, విచారించి చూచినచో తఱచుగా వేఱు త్రోవల బోవుచుండును. ప్రియమైనదెల్ల మేలైనదని నమ్మువాడును, ప్రియమైనదెల్ల మోసమని త్రోసివేయువాడును విచారము మానినవారే. మొదటివాడు తన బుద్ధిని వర్తకున కప్పగించినాడు. రెండవవాడు తన లోభమున కప్పగించినాడు. ధన మిచ్చునప్పుడు ఆ ధనము దేనికై యిచ్చుచున్నామో యెఱిగి యిచ్చుట గృహస్థునకు ధర్మము.

ఈ ధర్మమును పరీక్షించుటకు విద్యుత్ బేస్ గిటారు అను వాద్యము మిక్కిలి తగియున్నది. చలనచిత్రసంగీతమునందును, కళాశాలల మేళములందును దీని ధ్వని వినవచ్చుచున్నది. మన యిండ్లలోని యువకులును యువతులును దీనిని గోరుచున్నారు. కొనువారి యెదుట మూడు త్రోవలు గలవు. పేరుగన్న ముద్ర గల ప్రియమైన వాద్యమును గొనుట యొకటి. ఆ యాకారముననే చేసిన చౌకవాద్యమును గొని తృప్తిపడుట రెండవది. చౌకదానినే కొని, అందలి భాగముల నొక్కొక్కటిగా తీసివేసి, మేలైనవానిని జేర్చి, దానిని ప్రియవాద్యమునకు సరిచేయ బూనుట మూడవది. ఈ మూడవ త్రోవ వివేకమా, వ్యామోహమా యనునది మన ప్రశ్న.

ఈ వాద్యము నెఱుగని చదువరులు వీణను దలచుకొనవలెను. వీణయందు ధ్వనిని పెంచునది దొలిచిన కొయ్యకుండ. బేస్ గిటారునకు కుండ లేదు. దాని యొడలు గట్టిపలక. ఉక్కుతీగ కదలినప్పుడు దాని క్రింద నున్న అయస్కాంతక్షేత్రము చలించును. ఆ యయస్కాంతమును జుట్టియున్న వెండ్రుకవంటి రాగితీగలో విద్యుత్తు పుట్టును. ఈ యమరికకు పికప్ అని పేరు. ధ్వనివర్ధకయంత్ర మా విద్యుత్తును పెద్దదిగా జేసి వినిపించును. తీగలు నాలుగు, వాని పొడవు సాధారణముగా 34 అంగుళములు, అన్నిటికంటె మంద్రమైన తీగ సెకండునకు సుమారు 41 మాఱులు కంపించును. వీణమెట్లను మైనములో నిలుపుదురు. దీని మెట్లను మెడకొయ్యలోని గాడులయందు దిగగొట్టుదురు.

దీని పుట్టుక యెట్టిదో కొంచెము తెలిసికొనుట మన విచారణకు ముఖ్యము. 1951వ సంవత్సరమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఫుల్లర్టన్ పట్టణములో లియో ఫెండరు అనునాతడు ప్రెసిషన్ బేస్ అను పేరుతో దీనిని విక్రయింప మొదలిడెను. అంతకుముందు మంద్రస్వరములకై మనిషికంటె పొడవైన డబుల్ బేసును మోసికొని తిరుగవలసియుండెను. అది యితరవాద్యముల హోరులో వినబడకయు బోవుచుండెను. మెట్లుండుటచే క్రొత్తవాద్యమున స్వరస్థానము తప్పదు. అందులకే దానికి కచ్చితత్వమును దెలుపు పేరు పెట్టిరి. ఫెండరు సంగీతవిద్వాంసుడు కాడు, రేడియోలు బాగుచేసినవాడు. గిటారు వాయించుటయే నేర్వలేదు. కాని పనివాని కష్ట మెఱిగినవాడు. ఆతడు మెడను జిగురుతో నతికింపక మరమేకులతో బిగించెను. ఏ భాగము చెడినను దానిని మాత్రమే తీసి మార్చుకొనవచ్చును. అనగా నేడు గాజుబీరువాలలో మెఱయుచున్న యీ వాద్యము, లోకములోనికి పనిముట్టుగా వచ్చినది. భాగములు మార్చుకొనుట దాని స్వభావమునకు విరుద్ధము గాదు, జన్మగుణమే.

పిమ్మట కథ మాఱినది. 1965లో ఫెండరు తన సంస్థను సీబీఎస్ అను పెద్ద వ్యాపారసంస్థకు 1 కోటి 30 లక్షల డాలర్లకు విక్రయించెను. జపానులోని కర్మాగారము లతని వాద్యములను బోలిన వాద్యములను చౌకగాను చక్కగాను చేయుటతో, 1982లో ఆ సంస్థవారే స్క్వయర్ అను రెండవ ముద్రతో జపానునందు చౌకవాద్యముల జేయింప నారంభించిరి. కాలక్రమమున నీ చౌకవాద్యముల తయారీ చైనా, ఇండోనేషియా మున్నగు దేశములకు బోయెను. నేడు ఒక్క సంస్థవారి చౌకవాద్యమునకును, అమెరికాలో చేసిన వాద్యమునకును వెలలో నైదాఱు రెట్ల భేదము గలదు. దూరమునుండి చూచువానికి రెండును కవలపిల్లలే.

ఈ యైదాఱు రెట్ల ధనము దేనికి బోవుచున్నది? భేదములను మూడు తెగలుగా విభజింపవచ్చును: చెవికి దెలియునవి, చేతికి దెలియునవి, కంటికి మాత్రమే దెలియునవి.

చెవికి దెలియు భేదములలో ముఖ్యమైనది పికప్. చౌకవానిలో తఱచుగా సిరామిక్ అయస్కాంతపు కడ్డీ యుండును. ప్రియమైనవానిలో అల్యూమినియము, నికెలు, కోబాల్టు చేర్చి చేసిన ఆల్నికో యుండును. ధ్వనిలో భేదము కలదు. కాని యొకటి మంచిది, మఱియొకటి చెడ్డది యనుటకంటె రెండు కంఠములనుట న్యాయము. అంతకంటె పెద్ద భేదమును పాతతీగలను దీసి క్రొత్తతీగలను వేయుట కలిగించును. అంతకంటె పెద్ద భేదమును వాయించువాని వ్రేలు కలిగించును.

చేతికి దెలియు భేదములు నిజమైనవి. మేలైన వాద్యమున మెట్లన్నియు నొక్క మట్టమున నుండును. వాని కొనలు అరచేతిని గీరవు. మెడ చివర తీగ లానుకొను గాడులు సరియైన లోతున నుండును. బిరడలు బిగించిన శ్రుతిని నిలుపును. ఈ గుణములు చాలవఱకు లోహమునుండి రావు, పనివాని గంటలనుండి వచ్చును. కంప్యూటరు నడుపు కోతయంత్రము చౌకమెడను, ప్రియమైన మెడను నొక్కతీరుననే కోయగలదు. కాని కడపటి నునుపు పెట్టునది మనుష్యుని చేయి. చౌకవాద్యమున తగ్గినది ప్రధానముగా నా చేతి కాలమే.

ఇక కంటికి మాత్రమే దెలియునవి: తలభాగముపై నున్న పేరు, చేసిన దేశము, రంగు, పెట్టె. వీనికిని వెల యున్నది. అది స్వల్పము గాదు. పేరు చూడనినాడు ఈ వెల యేమగును?

2010లో అమెరికాలోని ఇండియనాపొలిస్ నగరమున శాస్త్రజ్ఞులు వయొలిన్లతో నొక పరీక్ష జరిపిరి. మూడు క్రొత్త వయొలిన్లు, స్ట్రాడివారి, గ్వార్నేరి వంశములవారు చేసిన మూడు ప్రాచీన వయొలిన్లు తెచ్చి, కనబడని యద్దములు ధరింపజేసి, 21 మంది విద్వాంసులచేత వాయింపించిరి. కొయ్యవాసన పట్టి గుర్తింపకుండ గడ్డ మానించుచోట సుగంధద్రవ్యమును గూడ పూసిరి. ఇంటికి గొనిపోదగిన దేది యనగా 13 మంది క్రొత్తవానినే కోరిరి. అందఱిలో తక్కువ మెప్పు పొందినది యొక స్ట్రాడివారి వయొలినే. బేస్ గిటారు వయొలిన్ కాదు. ఈ పరీక్ష దానిని గూర్చి తీర్పు చెప్పదు. కాని మనుష్యుని మనస్సును గూర్చి చెప్పును. చెవి వినకముందే కన్ను తీర్పు వ్రాసియుంచుట మన యందఱియందును గల బలహీనత.

అట్లయిన నధికవెల పెట్టినవారందఱును మూఢులా యని కొందఱడుగవచ్చును. కారు. దినమునకు నాలుగు గంటలు వాయించి బ్రదుకువానికి, మెట్టుకొన గీరని మెడయు, వేదికపై శ్రుతి జాఱని బిరడయు నలంకారములు గావు, జీవనసాధనములు. నేర్పరియైన పనివానికి తగిన కూలి ముట్టవలెనన్న ధర్మమును దలచినచో, మేలైన వస్తువునకు మేలైన వెల యిచ్చుట దోషము గాదు, న్యాయమే. చౌక వెలకు యంత్రము కొంత కారణమైనను, కూలి తక్కువయైన దేశములలో చేయించుట మఱికొంత కారణమని మఱవరాదు. కావున చౌకవాద్యమును గొనువాడు దానిని నీచముగా చూచుటయు, రెండు నెలలు వాయించి పాఱవేయుటయు, దానిని చేసిన కనబడని చేతులకు చేయు నవమానము.

ఇప్పుడు భాగములు మార్చుటను విచారింతము. మార్చువారు రెండు తెగలు. మొదటివాడు వాయించును, వాయింపగా వాయింపగా నొక కొఱత చేతికి దగులును, ఆ కొఱతను పేరు పెట్టి చెప్పగలడు, దానిని మాత్రము దిద్దును. రెండవవాడు ముందు భాగముల పట్టికను చదువును. తన వాద్యమున నేమి లేదో యెన్నుకొనును. లేనిదానిని కొని తెచ్చి, అప్పుడు కొఱత తీఱినదని సంతసించును. మొదటివానిది వైద్యము, రెండవవానిది రోగము.

వైద్యమునకు క్రమము గలదు. మొట్టమొదట క్రొత్తతీగలు వేయవలెను. పిమ్మట నేర్పరిచేత మెట్లను మట్టము చేయించి, మెడలోని యినుపకడ్డీని త్రిప్పి వంపును సవరించి, తీగల యెత్తును, స్వరస్థానములను సరిచూపింపవలెను. ఇంతమాత్రమున చౌకవాద్యములు పెక్కు క్రొత్తజన్మ మెత్తినట్లుండును. గమనింపుడు: ఇందులో కొన్నది భాగము గాదు, పనితనము. ధన మింటికి సమీపమున నున్న పనివానికి జేరినది. అటుపిమ్మట గరగరలాడు తిప్పుమరలను, వదులైన తీగసంధులను మార్పింపవచ్చును. వానికయ్యెడు వ్యయము స్వల్పము. అటుపిమ్మటనే పికప్, కట్టకడపటనే బరువైన బ్రిడ్జియు, మెఱుగు బిరడలును.

ఏ భాగమును గొని తెచ్చినను తీఱని కొఱతలును గలవు. బేస్ గిటారులలో తఱచుగా సన్నతీగపై 5, 7 మెట్ల నడుమ నొక స్వరము త్వరగా సన్నగిలి చచ్చిపోవును. మెడకొయ్య తానును కంపించి తీగబలమును త్రాగివేయుట దీనికి కారణము. ప్రియమైన వాద్యములకును ఈ దోషము తప్పదు. ఏ వస్తువునందైనను కొంత లోపము నోర్చుకొని, దానితో బని చేయ నేర్చుటయు విద్యలో నొక భాగమే.

ఈ విషయమున నిద్దఱు మహావిద్వాంసుల నడవడి గమనింపదగినది. డెట్రాయిట్ నగరమున మోటౌన్ సంస్థ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ 1962 నాటి యొక ప్రెసిషన్ బేసునే వాడుచుండెను. తీగ తెగిననే తప్ప తీగలను మార్చకుండెను. కుడిచేతి చూపుడువ్రేలొక్కటితోనే మీటుచుండెను. వేలకొలది జనులకు తెలిసిన పాటల కా మాసిన తీగలే ప్రాణమిచ్చినవి. ఇక జాకో పాస్టోరియస్ మెట్లు లేని 1962 నాటి జాజ్ బేసును వాయించెను. ఒరపుతీగలు కొయ్యను దినివేయకుండ, మెడపలకపై పడవలకు బూయు ఎపాక్సీ లేపమును పూయించెను. 1976లో వెలువడిన యాతని మొదటి సంపుటము ఆ వాద్యమునకు క్రొత్తకంఠము గలదని లోకమునకు జూపినది. ఒకడేమియు మార్చలేదు, మఱియొకడు వాద్యపు రూపమునే మార్చెను. ఇద్దఱును సరియే, ఏలయన నిద్దఱి నిర్ణయమును పాటనుండి పుట్టినది, పరుల చూపునుండి పుట్టలేదు.

మారుభాగముల లెక్కయు గృహస్థు లెఱుగవలెను. పికప్, బ్రిడ్జి, బిరడలు, మరలు అన్నియు మార్చినచో కొన్ని తఱి వాద్యపు మూలధనముకంటె మార్పుల వ్యయమే మించును. మఱల విక్రయింప బోయిననాడు కొనువాడు తలపై నున్న చౌకపేరునే చూచి వెలగట్టును. కావున లాభమునకై మార్చువాడు నష్టపోవును. వాయించుటకై మార్చువాడు మాత్రమే లాభపడును. ధననష్టముకంటె కాలనష్టము పెద్దది. అభ్యాసము చేయవలసిన సాయంకాలములు భాగముల పోలికలో గడచిపోయినచో వాద్యము మెఱుగగును గాని వాదకుడు మెఱుగు కాడు.

కడపట నొక చిన్నపని యున్నది. చిన్నదైనను మన ప్రశ్నకు మూలమంతయు దానియందే యున్నది. కొందఱు చౌకవాద్యమునకు మంచిభాగముల నమర్చిన పిమ్మట, తలభాగముపై నున్న పేరును గీకివేసి, ప్రియమైన పేరు నంటింతురు. అట్టి పేళ్లు కొన దొరకును గూడ. పరిహాసమునకు చేసితిమందురు; కాని యా వాద్యము చేతులు మాఱినప్పుడు ఎవడో యొకడు దానిని నమ్మి ధనమిచ్చును. అమ్మకమునాడు గాని యిది మోసము కాదనుకొనుటయు పొరపాటే. అంటించిననాడే ఆ యువకుడు తన చేతిపనిని తానే కాదనినాడు. వాద్యము నిజముగా మేలైనచో, ఆ మేలు తన శ్రమవలన కలిగినది. దానిని పరుని పేరున కేల ధారపోయవలెను? మేలు కానిచో, పేరు దానిని మేలు చేయజాలదు.

కావున మూడవ త్రోవను గూర్చి నా తీర్పిది. చౌకవాద్యమును మార్చుట తప్పు గాదు. దానిని గూర్చి సిగ్గుపడుట తప్పు. ఇంటిలోని పెద్దలు తక్కువవెల వాద్యమును గొని యిచ్చుచు దానితో గూడ నొక మంచి పనివాని కూలియు నిచ్చుట యుత్తమము. పిల్లలు ఒక సంవత్సరము వాయించి, పిమ్మట మార్పును గోరినచో, 'ఏ స్వరమున, ఏ చోట, ఏమి కొఱవడినది?' అని యడుగుడు. వాయించి చూపి చెప్పగలిగినచో సందేహింపక ధనమిండు. అది విద్యకై చేసిన వ్యయము. చెప్పలేక, తోడివారి వాద్యపు పేరును మాత్రమే చెప్పినచో, మఱికొన్ని నెలలు వాయింపుమని చెప్పుడు. ఆ నెలలలో కొఱత బయటపడవచ్చును. లేదా యది చేతినుండి తొలగిపోవచ్చును.