క్రాన్ పంచాంగం

నిమిషం మారగానే, సర్వర్‌లో వేళకు పనులు నడిపే క్రాన్ అనే ప్రోగ్రాం కళ్లు తెరుస్తుంది. జాబితా చూసుకుంటుంది. ఈ నిమిషానికి పనేమైనా ఉందా? లేదు. మళ్లీ కళ్లు మూసుకుంటుంది. రోజుకు 1,440 సార్లు ఇదే తంతు. సంక్రాంతి అని సెలవు పెట్టదు, తెల్లవారుజామున మూడింటికి ఒళ్లు మరచి నిద్రపోదు. చాలా సర్వర్లలో ఆ మెలకువల్లో పని దొరికేవి కొన్నే. తక్కినవన్నీ లేచి, చూసి, పడుకోవడాలే. పని చేసేవాళ్లను లోకం ఎలాగూ మెచ్చుకుంటుంది. పని ఉందేమోనని విసుగన్నది లేకుండా లేచి చూసే ఈ గుణానికి దండం పెట్టాలనిపిస్తుంది నాకు.

వయసు తక్కువేం కాదు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ 1979లో విడుదల చేసిన యూనిక్స్ ఏడో వెర్షన్‌లోనే ఉంది. అప్పటి దాని తెలివి ఇంతే: ఒక ఫైలు చదువు, వేళయిన పనులు నడుపు, ఒక నిమిషం నిద్రపో, మళ్లీ మొదలుపెట్టు. 1987లో పాల్ విక్సీ కొత్తగా రాసిన క్రాన్ వంశం ఇప్పటికీ ఎన్నో లినక్స్ యంత్రాల్లో బతికే ఉంది. పదేళ్లకే ముసలితనం వచ్చేసే సాఫ్ట్‌వేర్ లోకంలో ఇదేం ఆయుష్షో!

దాని జాబితాను నేను పంచాంగంలా చదువుతాను. మనకు తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం. దానికి నిమిషం, గంట, తేదీ, నెల, వారం. అవీ ఐదే, ఇవీ ఐదే. మనకు 27 నక్షత్రాలు కావాలి, దానికి ఒక్క నక్షత్రం గుర్తు (*) చాలు: గడిలో అది పెడితే ఏదైనా సరే అని అర్థం. ముహూర్తాలూ మన పురోహితుల మాదిరే పెడతారు. డెబియన్ అనే లినక్స్‌లో రోజువారీ పనుల వేళ 6:25. ఆరున్నర కాదు, ఆరూ ఇరవై ఐదు! వారం పనులకు 6:47, నెల పనులకు 6:52. తేదీ గడిలో 29, నెల గడిలో 2 రాస్తే లీపు సంవత్సరం కోసం నాలుగేళ్లయినా కాచుకుంటుంది. ఫిబ్రవరి 30 అని రాసినా కోప్పడదు. రాని రోజు కోసం నిమిషం నిమిషమూ లేచి చూస్తూనే ఉంటుంది. ఒక్కచోట మాత్రం శాస్త్రం తప్పుతుంది. శనివారమూ త్రయోదశీ కలిస్తేనే మనకు శని త్రయోదశి. క్రాన్‌కు ఆ పట్టింపు లేదు: 13వ తేదీ, శనివారం అని రెండు గళ్లూ నింపితే ప్రతి 13నా నడుపుతుంది, ప్రతి శనివారమూ నడుపుతుంది.

ఇంత చేస్తూ ఎవరికీ కనబడదు. విండోస్‌లో టాస్క్ షెడ్యూలర్‌కు ఒక బ్యాచ్ ఫైలు అప్పగిస్తే, మనం ఏదో టైపు చేసుకుంటుండగా నల్లటి పెట్టె ఒకటి తళుక్కుమని మాయమవుతుంది. దాన్ని దాచడానికి జనం వీబీస్క్రిప్ట్ ముసుగులు తొడుగుతారు. క్రాన్‌కు ముసుగెందుకు, ముఖమే లేనిదానికి? పని సాఫీగా సాగితే మౌనం. స్క్రిప్టు ఏమైనా పలికితే ఆ పలుకులు యజమానికి మెయిల్లో వేసి ఊరుకుంటుంది. (ఆ మెయిల్ కూడా రాకుండా ఏం వేసినా మాయం చేసే డెవ్ నల్‌లో పారబోసేవాళ్లూ ఉంటారు, అది వేరే సంగతి.) రాత్రి బ్యాకప్‌లు, ఉబ్బిపోయిన లాగ్ ఫైళ్ల సర్దుబాటు అన్నీ ఇలాగే. వెబ్‌సైట్లకు లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఇచ్చే 90 రోజుల సర్టిఫికెట్లు గడువు తీరకముందే మారిపోతున్నాయంటే, ఆ సర్వర్‌లో వేళకు లేచే పని ఏదో ఉన్నట్టే.

దాని ఓర్పుకు అసలు పరీక్ష అమెరికాలో. సర్వర్ యూటీసీలో ఉంటే హైదరాబాద్ అర్ధరాత్రి కోసం 18:30 అని రాసుకుంటాం, ఏడాది పొడవునా అదే. డాలస్ గడియారం అలా కుదురుగా ఉండదు. డేలైట్ సేవింగ్ పేరుతో మార్చిలో ఒక ఆదివారం రాత్రి 1:59 తర్వాత ఏకంగా 3:00 అవుతుంది. మరి 2:30కి రాసిన పని? డెబియన్‌లోని క్రాన్ మూడు కాగానే దాన్ని చేసేస్తుంది. నవంబరులో గడియారం వెనక్కి జరిగి ఒంటిగంట రెండుసార్లు వస్తుంది. 1:30 పనిని మాత్రం రెండోసారి ముట్టుకోదు. కాబట్టి జీతాల స్క్రిప్టును 1:30కి పెట్టుకున్న కంపెనీలో, ఆ రాత్రి రెండు జీతాలు పడే అదృష్టం ఎవరికీ లేదు.