పతనానంతర ధైర్యం: పేతురు వృత్తాంతంలో కృపకు గల నైతిక స్థానం

ఉపోద్ఘాతం

ధైర్యాన్ని గురించిన విచారణ సాధారణంగా చలించనివానితో మొదలవుతుంది. వికారానికి హేతువు ఎదుట నిలిచినా చిత్తం చెదరనివాడే ధీరుడని కాళిదాసు కుమారసంభవంలో సూచించిన భావం సాహిత్య విద్యార్థులకు సుపరిచితం. ధీరోదాత్తుడు మొదలైన నాయక విభాగం కూడా ఈ స్థైర్యభావన మీదనే నిలిచింది. అయితే ఈ భావన ఒక ప్రశ్నను మిగిల్చిపోతుంది. ఒకసారి చలించినవాని గతి ఏమిటి? పరీక్షాసమయంలో మాట తప్పినవానికి, ఆప్తుణ్ణి విడిచి పారిపోయినవానికి ధైర్యమనే గుణం మళ్ళీ సాధ్యమేనా? సాధ్యమైతే దానికి ఆధారం ఏది?

క్రైస్తవ నైతిక చింతనలో ఇది కేంద్రస్థానంలో ఉన్న ప్రశ్న. శిష్యులలో అగ్రగణ్యుడైన పేతురు తన గురువును మూడుమార్లు ఎరుగనన్న ఉదంతాన్ని నాలుగు సువార్తలూ దాచకుండా చెప్పాయి. మార్కు సువార్తకు పేతురు బోధలే ఆధారమని ప్రాచీన సంప్రదాయం చెబుతుంది. ఆ సంప్రదాయాన్ని అంగీకరిస్తే, ఈ పతనవృత్తాంతం ప్రచారంలోకి రావడానికి పతితుడే కారకుడని భావించవలసి ఉంటుంది. ఆ వృత్తాంతం ఆధారంగా కృపకూ ధైర్యానికీ ఉన్న పౌర్వాపర్యాన్ని నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం. ధైర్యం చూపినవానికి ప్రతిఫలంగా కృప లభిస్తుందా, కృప పొందినవానిలో ధైర్యం పుడుతుందా అన్నది ఇక్కడి విచార్యాంశం.

సాహసం, ధైర్యం

పతనానికి పూర్వం పేతురులో కనిపించేది సాహసం. అందరూ విడిచిపోయినా తాను విడువనని అతడు ప్రతిజ్ఞ చేశాడు. గెత్సేమనేలో కత్తి దూసి ప్రధానయాజకుని దాసుని చెవి నరికాడు. సంస్కృతంలో సాహసశబ్దానికి బలాత్కారం, ఆలోచన లేని దుడుకుతనం అనే అర్థాలు ప్రాచీనమైనవి. ధర్మశాస్త్రాలు సాహసాన్ని వ్యవహారపదాలలో ఒకటిగా, హింసతో కూడిన నేరంగా పరిగణించాయి. నేటి తెలుగులో ఆ మాటకు ప్రశంసార్థమే ప్రధానమైనా, పాత అర్థఛాయ పూర్తిగా తొలగిపోలేదు. ధైర్యశబ్దం ‘ధీర’ నుండి వచ్చింది. దానిలో ప్రధానమైనది నిలకడ.

కత్తి దూసిన కొద్ది గంటలకే ఒక దాసి అడిగిన ప్రశ్నకు పేతురు బెదరిపోయాడు. ఆయుధాలు ధరించిన సమూహం ఎదుట ప్రదర్శించిన సాహసం చలిమంట దగ్గర ఒక్క మాటకు నిలవలేదు. ఈ వైరుధ్యం పాత్రచిత్రణలోని లోపం కాదు. సాహసానికి ఆధారం తన బలం మీద తనకున్న నమ్మకం. ఆ బలాన్ని ప్రయోగించే అవకాశం లేని చోట, సిగ్గును, ప్రాణభయాన్ని మౌనంగా భరించవలసిన చోట ఆ నమ్మకం ఉపకరించదు. కనుక ఆ రాత్రి పేతురు కోల్పోయింది ధైర్యాన్ని కాదనవచ్చు. ధైర్యమని తాను భ్రమపడినదాన్ని కోల్పోయాడు.

అపొస్తలుల కార్యముల నాలుగవ అధ్యాయంలో అదే పేతురు యెరూషలేము అధికారుల సభలో నిలబడి మాట్లాడుతాడు. అక్కడ సభవారిని ఆశ్చర్యపరచిన గుణానికి గ్రీకు మూలంలో ‘పర్రేసియా’ అనే పదం ఉంది. జంకులేకుండా, మరుగులేకుండా మాట్లాడడం దాని అర్థం. తెలుగు బైబిలు ఆ స్థానంలో ‘ధైర్యము’ అనే మాటను వాడింది. ఎరుగనన్న నోటికే ఈ వాక్స్వేచ్ఛ లభించింది. ఈ రెండు ఘట్టాల నడుమ జరిగినదేమిటన్నదే అసలు ప్రశ్న.

యూదా, పేతురు: రెండు దుఃఖాలు

ఆ రాత్రి విఫలులైన శిష్యులలో ఇద్దరి కథలను సువార్తలు ప్రత్యేకంగా చెప్పాయి. యూదా అప్పగించాడు, పేతురు ఎరుగనన్నాడు. ఇద్దరూ దుఃఖించారు. యూదా దుఃఖాన్ని వర్ణించిన సువార్త మత్తయిది ఒక్కటే. ఆ సందర్భంలో తెలుగు బైబిలు ‘పశ్చాత్తాపం’ అనే మాటను వాడింది. పశ్చాత్ అంటే తరువాత, తాపమంటే వేడి, మంట. పని జరిగిపోయిన పిమ్మట లోపల రగిలే మంట అని దాని వ్యుత్పత్త్యర్థం. యోహాను, యేసు బోధలలో వినిపించే ‘మెటానోయియా’కు తెలుగు అనువాదకులు ‘మారుమనస్సు’ అనే సమాసాన్ని వాడారు. ‘మారు’ అన్నది తెలుగులో బహ్వర్థక పదం. మారుపేరు, మారువేషం అన్నప్పుడు వేరొకటి అని, ఒకమారు, మరొకమారు అన్నప్పుడు పర్యాయమని, క్రియగా పరివర్తన చెందడమని అర్థమిస్తుంది. మారిన మనస్సు, మరొక మనస్సు, మరొకమారు లభించిన మనస్సు అనే మూడు ఛాయలూ ఈ సమాసంలో స్ఫురిస్తాయి. మూలపదానికి దీటైన సృష్టి ఇది.

ఈ రెండు పదాల భేదం ఆధారంగా యూదాది వట్టి పశ్చాత్తాపమని, పేతురుది నిజమైన మారుమనస్సని తీర్మానించడం ప్రసంగాలలో పరిపాటి. కాని ఆ వాదానికి పదప్రయోగం పూర్తి బలం ఇవ్వదు. యూదా విషయంలో మత్తయి వాడిన గ్రీకు క్రియే ఇద్దరు కుమారుల ఉపమానంలో, మొదట కాదని తరువాత తండ్రి మాట నెరవేర్చిన కుమారునికి మంచి అర్థంలోనే వచ్చింది. పైగా పేతురు ఏడుపును చెప్పిన చోట మారుమనస్సు అనే మాట ఏ సువార్తలోనూ లేదు. భేదాన్ని నిఘంటువులో కాక కథలో వెదకవలసి ఉంటుంది.

కథలో కనిపించే విషయం మరింత ఆలోచింపజేస్తుంది. మధ్యయుగ దైవశాస్త్రజ్ఞులు ప్రాయశ్చిత్తానికి హృదయవేదన, పాపాంగీకారం, పరిహారం అనే మూడు అంగాలు చెప్పారు. యూదాలో ఈ మూడింటి ఆకారమూ కనిపిస్తుంది. అతడు వేదన పడ్డాడు. నిరపరాధి రక్తాన్ని అప్పగించానని నోటితో ఒప్పుకొన్నాడు. ముప్పది వెండి నాణెములను తిరిగి తెచ్చాడు. పేతురు చేసినదల్లా వెలుపలికి పోయి ఏడవడం. దుఃఖతీవ్రతను, పరిహారాన్ని తూచితే త్రాసు యూదా వైపు మొగ్గుతుంది.

అయినా యూదా కథ మరణంతో ముగిసింది. అతడు దేవుని కనికరాన్ని గురించి నిరాశపడ్డాడని, ఉరి వేసుకోవడం వల్ల అతని నేరం తీరకపోగా పెరిగిందని ఆగస్టీను ‘దేవుని నగరం’లో వివరించాడు. అది యూదా అంతరంగానికి సంబంధించిన తీర్పు. కథనం మరొక అంశాన్ని కూడా ముందుంచుతుంది. యూదా తన పాపాన్ని ఒప్పుకొన్నది యాజకుల ఎదుట. పాపిని స్వీకరించడం వారి వృత్తిధర్మం. వారు ఆ మాట తమకు సంబంధించినది కాదని, అతని సంగతి అతడే చూసుకోవలెనని పంపివేశారు. నాణెములను ఏ పద్దు క్రింద జమకట్టాలన్న విషయంలో మాత్రం శాస్త్రనియమాన్ని జాగ్రత్తగా పాటించారు. ఒప్పుకోలుకు వినేవాడు లేకపోతే పశ్చాత్తాపం తాపంగానే మిగిలిపోతుంది. అపరాధి తనకు తానే న్యాయాధిపతిగా, తానే తలారిగా మారతాడు.

పేతురు స్థితి ఇందుకు భిన్నం. అతడు పడిపోకముందే అతని కోసం ప్రార్థన జరిగిందని, తిరిగి వచ్చిన తరువాత చేయవలసిన పని కూడా అతనికి అప్పగించబడిందని లూకా చెబుతాడు. కోడి కూసిన వేళ యేసు తిరిగి అతనివైపు చూశాడన్నది కూడా లూకా ఒక్కడే చెప్పిన వివరం. పునరుత్థాన వార్తను శిష్యులతోపాటు పేతురుకు కూడా చెప్పవలెనని మార్కు సువార్తలో దూత అతని పేరు ప్రత్యేకంగా పేర్కొంటాడు. ఇద్దరి మధ్య భేదం దుఃఖపు నాణ్యతలో కన్నా ఆ దుఃఖాన్ని ఎవరు స్వీకరించారన్న విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. క్రైస్తవ పరిభాషలో కృప అన్నది ఆ స్వీకారానికి పేరు.

నిప్పు చెంత సంభాషణ

కృప గతాన్ని చెరిపివేయడమే అయితే, యోహాను సువార్త ఇరువది యొకటవ అధ్యాయం అవసరం లేదు. తిబెరియ సముద్రతీరంలో శిష్యులకు కనిపించినది బొగ్గుల నిప్పు. దానికి వాడిన గ్రీకు పదం ‘ఆంథ్రకియా’ క్రొత్త నిబంధనలో రెండుచోట్ల మాత్రమే వస్తుంది. మొదటిది పేతురు చలి కాచుకొంటూ గురువును ఎరుగనన్న ముంగిలి. రెండవది ఈ తీరం. ఆ వాసన, ఆ వెలుగు అతణ్ణి ఎక్కడికి తీసుకొనిపోయి ఉంటాయో కథకుడు చెప్పలేదు. నిప్పును చూపి ఊరుకొన్నాడు.

ముందు భోజనం, తరువాత ప్రశ్న. ఈ క్రమం గమనించదగినది. ప్రశ్న మూడుమార్లు వస్తుంది. సంబోధన కూడా పేతురు అని కాక, యోహాను కుమారుడైన సీమోను అని, బిరుదనామం లేని పుట్టుపేరుతో వస్తుంది. మూడవమారు అతడు నొచ్చుకొన్నాడు. ఆ నొప్పి లేకుండా క్షమాపణ జరిగి ఉంటే అది మరపు అయ్యేది. తప్పు జరిగిన లెక్కకు సరిపడా ప్రశ్నలు అడగడం వల్ల పతనం పేరుపెట్టి చెప్పకుండానే బయటపడింది. ఇక్కడ అడిగింది ఎందుకు చేశావని కాదు, ప్రేమిస్తున్నావా అని. మొదటి ప్రశ్న గతానికి సంజాయిషీ కోరుతుంది. రెండవది వర్తమానంలో సంబంధాన్ని కోరుతుంది.

పేతురు జవాబులో పూర్వపు ప్రతిజ్ఞాధోరణి లేదు. ఇతరులతో పోలిక లేదు. తన హృదయానికి సాక్షిగా అతడు తనను గాక గురువు ఎరుకనే చూపాడు. సాహసం ధైర్యంగా మారిన చోటు ఇదే. తన బలం మీది నమ్మకం పోయి, తన బలహీనతను పూర్తిగా ఎరిగిన ఒకరి ఎదుట నిలిచి ఉండగల శక్తి వచ్చింది. వెంటనే గొఱ్ఱెలను మేపే బాధ్యత, ఆ వెంబడే తన మరణాన్ని గురించిన సూచన వస్తాయి. బాధ్యత క్షమకు రుజువుగా వచ్చింది. క్షమ కోసం చెల్లించవలసిన మూల్యంగా రాలేదు.

కార్తేజి సంఘం ఎదుట నిలిచిన ప్రశ్న

ఒక వ్యక్తి విషయంలో కథ చెప్పినదాన్ని సమాజం తన నియమంగా స్వీకరించగలదా అన్న ప్రశ్న మూడవ శతాబ్దంలో తీవ్రంగా ఎదురైంది. రోమన్ చక్రవర్తి డెసియస్ ఆజ్ఞననుసరించి క్రీ.శ. 250 ప్రాంతంలో ప్రజలు దేవతలకు బలి అర్పించి ధ్రువపత్రం పొందవలసి వచ్చింది. అటువంటి పత్రాలు కొన్ని ఈజిప్టు పపైరసులలో నేటికీ నిలిచి ఉన్నాయి. క్రైస్తవులలో కొందరు బలి అర్పించారు, కొందరు ధూపం వేశారు, మరికొందరు బలి అర్పించకుండానే పత్రం సంపాదించుకొన్నారు. హింస తగ్గాక వీరిలో అనేకులు సంఘంలోకి తిరిగి రాగోరారు.

రోములో నొవేషియన్ వర్గం అటువంటివారిని సంఘం తిరిగి చేర్చుకోరాదన్నది. కార్తేజి బిషప్పు సిప్రియన్ మధ్యేమార్గాన్ని అనుసరించాడు. హింసాకాలంలో అతడు స్వయంగా అజ్ఞాతంలోకి వెళ్ళి విమర్శకు గురైనవాడు. 251లో జరిగిన సభ పత్రాలు మాత్రమే పొందినవారిని విచారించి చేర్చుకోవచ్చునని, బలి అర్పించినవారు మరణశయ్య వరకు వేచి ఉండవలెనని నిర్ణయించింది. కాని 252–253 ప్రాంతంలో మరొక హింసాకాలం రానున్నదన్న సూచనలు కలిగినప్పుడు సిప్రియన్, అతని తోటి బిషప్పులు ఆ నియమాన్ని సడలించి, పశ్చాత్తప్తులందరికీ సహవాసాన్ని ప్రసాదించారు. వారి వాదం ఈ వ్యాస విషయానికి అత్యంత కీలకం. ప్రభువు పాత్రను అందనీయకుండా ఉంచినవారిని, ఆ ప్రభువు కోసం రక్తం చిందించమని ఎట్లా అడగగలమన్నది దాని సారాంశం. ముందు ధైర్యాన్ని నిరూపించుకొని రమ్మనడం కాక, ధైర్యం కలిగేందుకే ముందు చేర్చుకోవడం అక్కడి క్రమం. సముద్రతీరంలో భోజనం ప్రశ్నకు ముందు వచ్చినట్లే, కార్తేజిలో సహవాసం పరీక్షకు ముందు వచ్చింది. 258లో సిప్రియన్ ఈసారి తప్పించుకొనిపోక మరణశిక్షను స్వీకరించాడు.

చౌకబారు కృప అనే ఆక్షేపణ

కృప ముందుగా లభించేదైతే తప్పుకు జంకు ఉండదన్న ఆక్షేపణ కొత్తది కాదు. రోమీయులకు వ్రాసిన పత్రికలో పౌలే ఆ ప్రశ్న వేసుకొని తిరస్కరించాడు. జర్మన్ దైవశాస్త్రజ్ఞుడు బోన్‌హోఫర్ 1937లో ప్రకటించిన గ్రంథంలో, శిష్యత్వాన్ని కోరని క్షమను చౌకబారు కృప అని ఖండించాడు. ఇక్కడ తెలుగు పాఠకునికి శ్రీవైష్ణవ సంప్రదాయంలోని మర్కటకిశోర, మార్జాలకిశోర న్యాయాలు తలపునకు వస్తాయి. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకొంటుంది. పిల్లిపిల్లను తల్లే నోటకరచుకొని పోతుంది. పేతురు కథ ఈ రెండింటిలో ఏ ఒక్కదానికీ పూర్తిగా ఒదగదు. వెదకి వచ్చినది గురువే అయినా, మూడుమార్లూ జవాబు చెప్పవలసినది శిష్యుడే.

అయినా ఆక్షేపణలో సత్యాంశం లేకపోలేదు. కృప పొందిన తరువాత కూడా పేతురు మళ్ళీ తప్పాడు. అంతియొకయలో అన్యజనులతో కలిసి భోజనం చేస్తూ వచ్చిన అతడు, యెరూషలేము నుండి కొందరు రాగానే భయపడి వెనుదీశాడని పౌలు గలతీయులకు వ్రాసిన పత్రికలో చెప్పాడు. మొదటిసారి దాసి మాటకు జంకినవాడు ఈసారి తనవారి చూపుకు జంకాడు. సహపంక్తి భోజనం సంఘసంస్కరణకు గీటురాయిగా నిలిచిన తెలుగునేలలో ఈ ఘట్టానికి వ్యాఖ్యానం అక్కరలేదు. పంక్తి నుండి లేచిపోవడం ఎంత చిన్న చర్యో, దాని వెనుక ఎంత పెద్ద నిరాకరణ ఉంటుందో ఇక్కడి సామాజిక చరిత్రకు తెలుసు. పౌలు అతణ్ణి అందరి ఎదుటా నిలదీశాడు. కనుక కృప విమర్శకు అడ్డుగోడ కాదు. స్వీకరించబడినవాణ్ణే నిలదీయడం సాధ్యం. యాజకులు యూదాను నిలదీయలేదు, వదలివేశారు. వదలివేతకూ నిలదీతకూ ఉన్న ఈ దూరమే చౌకబారు కృపకూ నిజమైన కృపకూ మధ్యనున్న దూరాన్ని కొలుస్తుంది.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు స్పష్టమవుతాయి. మొదటిది, పతనానంతర ధైర్యం పూర్వపు సాహసానికి పునఃప్రాప్తి కాదు. అది తన బలహీనతను ఎరిగినవాని నిలకడ. రెండవది, పశ్చాత్తాపం మారుమనస్సుగా పరిణమించడానికి దుఃఖతీవ్రత ఒక్కటే చాలదు, దానిని స్వీకరించే ఒక ఎదుటివ్యక్తి, ఒక సమాజం ఉండాలి. మూడవది, ఈ స్వీకారం తప్పును మరుగుపరచదు, దాన్ని మాట్లాడదగినదిగా చేస్తుంది.

చలించనివాడు ధీరుడన్న భావనను ఈ వృత్తాంతం కాదనదు. చలించి తిరిగి వచ్చినవానికి కూడా ఆ పదంలో చోటు కల్పిస్తుంది. అయితే ఆ చోటు పడినవాడు తనంతట తాను సంపాదించుకొనేది కాదు. అందువల్ల పతనం తరువాత ధైర్యమెట్లా అన్న ప్రశ్న పడినవానికి ఒక్కనికే చెందదు. నాణెములు చేతబట్టుకొని వచ్చినవాణ్ణి చూసి, నీ సంగతి నీవే చూసుకొమ్మనగల స్థానంలో ఉన్న ప్రతివారికీ అది చెందుతుంది.