యుద్ధానికి ముందే రాసుకున్న తీర్పు

పరాయి దేశంలో సంక్షోభం తలెత్తుతుంది. అక్కడికి సైన్యం పంపాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. పంపవలసి వస్తే ఎలా పంపాలో ముందే లెక్కలు వేసుకోవడం తప్పా?

సన్నాహం దానంతటది పాపం కాదు. బోస్నియాలోని స్రెబ్రెనిత్సాను తలచుకుందాం. ఐక్యరాజ్యసమితి 1993లో దాన్ని సురక్షిత ప్రాంతంగా ప్రకటించింది. కానీ ఆ మాట నిలుపుకోవడానికి తగిన బలగం అక్కడ లేదు. 1995 జూలైలో సుమారు 8,000 మంది ముస్లిం పురుషులు, బాలురు హతులయ్యారు. ఆదుకుంటామని మాట ఇచ్చి సిద్ధపడకపోవడం కూడా అపరాధమే.

ఇప్పుడు ఇరాక్ విషయం చూద్దాం. ఆఫ్ఘనిస్తాన్‌లో యుద్ధం సాగుతుండగానే, 2001 నవంబరు 21న అమెరికా అధ్యక్షుడు బుష్ ఇరాక్ యుద్ధ ప్రణాళిక గురించి రక్షణమంత్రి రమ్స్‌ఫెల్డ్‌ను అడిగారు. డిసెంబరు 28న జనరల్ ఫ్రాంక్స్ తొలి వివరణ ఇచ్చారు. ఆయుధ తనిఖీ బృందం తిరిగి ఇరాక్‌లో అడుగుపెట్టింది మాత్రం 2002 నవంబరులో! తనిఖీకి ఇంకా కొన్ని నెలలు పడుతుందని 2003 మార్చి 7న హాన్స్ బ్లిక్స్ చెప్పారు. అప్పటికే లక్షలాది సైనికులు గల్ఫ్‌లో మోహరించి ఉన్నారు. మార్చి 20న దాడి మొదలైంది. ఏ ఆయుధ నిల్వల పేరు చెప్పి యుద్ధం చేశారో అవి దొరకనే లేదు. శాంతి మార్గాలన్నీ ప్రయత్నించకముందే యుద్ధానికి దిగారని బ్రిటన్‌లో 2016లో వెలువడిన చిల్కాట్ నివేదిక తేల్చింది.

పొరపాటు ఎక్కడ జరిగింది? ప్రణాళిక నిజానికి లోబడి ఉండాలి. ఇక్కడ నిజాన్నే ప్రణాళిక కోసం తొందరపెట్టారు. కదిలిన సైన్యం ఎదురుచూడలేదు, సత్యం మాత్రం నిదానంగానే తేలుతుంది.

మదీనాలో జరిగిన ఒక సంఘటనను ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు పేర్కొన్నారు. బనూ ముస్తలిఖ్ తెగ నుండి జకాత్ వసూలు చేయడానికి దైవప్రవక్త (స) ఒక వ్యక్తిని పంపారు. అతను మధ్యలోనే తిరిగివచ్చి, వారు జకాత్ నిరాకరించి తనను చంపబోయారని చెప్పాడు. వారిపైకి సైన్యాన్ని పంపే ఆలోచన కూడా జరిగింది. తీరా చూస్తే, వారు అతన్ని ఆహ్వానించడానికే ఎదురు వచ్చారు! ఈ సందర్భంలోనే హుజురాత్ సూరాలోని 6వ ఆయత్ అవతరించిందని వారంటారు. వార్తను విచారించకుండా అడుగు వేస్తే అమాయకులకు హాని చేసి, ఆపై పశ్చాత్తాపపడవలసి వస్తుందన్నది దాని సారాంశం.

ఆనాడు సన్నాహం నిజం ముందు ఆగిపోయింది. ఇరాక్‌లో ఆగలేదు. ఏ ప్రణాళికకైనా ఇదే గీటురాయి: ఆపివేయవలసిన కారణం కనబడితే ఆగగలదా?

ఈ ప్రశ్న పాలకులకు మాత్రమే కాదు. వియ్యాలవారి మీదనో, పొరుగువారి మీదనో ఒక ఫిర్యాదు మన చెవిన పడుతుంది. ఏం అనాలో, ఎవరిని వెంట తీసుకెళ్ళాలో అప్పుడే నిర్ణయించేసుకుంటాం. ఆ తర్వాత విచారించడానికి వెళ్ళినా, మన కోపానికి సాక్ష్యం వెతకడానికే వెళతాం. సోదరులారా! గడప దాటకముందే మనల్ని మనం ప్రశ్నించుకుందాం: మనం వెళ్ళేది తెలుసుకోవడానికా, ముందే రాసుకున్న తీర్పును వినిపించడానికా?