సంచి ముడి, ఫోను తాళం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణాల్లో వాడిన సెల్‌ఫోన్లు కొనడం, అమ్మడం మామూలే. కొత్తది కొనే స్తోమత లేని విద్యార్థులు, కూలిపని చేసుకునేవారు పాతదానితోనే సరిపెట్టుకుంటారు. వాడిన వస్తువును కొనడం ధర్మసమ్మతమే. అందులో సందేహం లేదు. అయితే ఒక యువకుడు నాలుగు వేల రూపాయలకు ఫోను కొన్నాడనుకుందాం. ఇంటికెళ్లి తెరిస్తే అది పాత యజమాని ఖాతా పాస్‌వర్డు అడుగుతోంది. మూడు వందలిస్తే లాక్ తీసి ఇస్తామని ఎవరో అంటున్నారు. అతను తీయించుకోవచ్చా? తీసి ఇచ్చేవారి సంపాదన హలాల్ అవుతుందా?

ముందు ఆ తాళం ఏమిటో తెలుసుకుందాం. ఐఫోన్‌లో 2013 నుండి, ఆండ్రాయిడ్ ఫోన్లలో 2015 నుండి ఈ ఏర్పాటు ఉంది. యజమాని తన ఖాతాను తొలగించకుండా ఫోను చేయిమారితే, తెచ్చుకున్నవారు అందులోని సమాచారమంతా చెరిపేసినా తాళం పోదు. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు అది పాత ఖాతానే అడుగుతుంది. దొంగకు ఫోను దక్కినా ఉపయోగపడకూడదన్నదే దీని ఉద్దేశం.

దొరికిన వస్తువు గురించి దైవప్రవక్త (స) వారిని ఒకరు అడిగారు. దాని సంచిని, ముడివేసిన తాడును గుర్తుపెట్టుకుని, ఏడాదిపాటు ప్రకటించాలని, యజమాని వస్తే అప్పగించాలని ఆయన బోధించారు. సంచి ఎలాంటిదో, ముడి ఎలాంటిదో చెప్పగలిగినవాడే యజమాని అని తేలుతుంది. నేటి ఫోనుకు పాస్‌వర్డే ఆ ముడి. దాన్ని చెప్పగలిగే మనిషి ఎక్కడో ఉన్నాడని తాళం సాక్ష్యం చెబుతోంది. హైదరాబాద్ - విజయవాడ రహదారిపై బస్సులో దొరికిన ఫోనుకైనా ఇదే వర్తిస్తుంది. దొరికింది కదా అని అది మనదైపోదు.

అయితే సాక్ష్యం వేరు, తీర్పు వేరు. తాళం ఉన్న ప్రతి ఫోనూ దొంగసొత్తు కాదు. అమ్మినవాడు ఖాతా తొలగించడం మరచి ఉండవచ్చు. తండ్రి వాడిన ఫోను కొడుకుకు వచ్చి ఉండవచ్చు. తన పాస్‌వర్డు తానే మరచినవారూ ఉంటారు. నిష్కారణంగా అనుమానించడాన్ని దివ్య ఖుర్ఆన్ వారించింది. అలాగే పరస్పర అంగీకారంతో జరిగే వ్యాపారం ద్వారా తప్ప ఒకరి సొమ్ము మరొకరు తినరాదని ఆజ్ఞాపించింది. కనుక మనం అడగవలసిన ప్రశ్న ఒక్కటే: అసలు యజమాని అంగీకారం ఉందా?

ఉంటే దారి సులువు. అతనే ఖాతా తొలగిస్తాడు. బిల్లు, పెట్టె చూపి తన ఫోనేనని రుజువు చేసినవారికి తాళం తీసి ఇవ్వడం సేవే, ఆ కూలి హలాలే. అంగీకారం తెలియనప్పుడు తాళం పగలగొట్టడం మాత్రం పాపకార్యంలో తోడ్పడటం కావచ్చు. “మేం కేవలం పని చేశాం” అన్న సమాధానం అల్లాహ్ ముందు నిలుస్తుందా?

అమ్మేవారికీ బాధ్యత ఉంది. దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. తడిసిన గింజలు జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన ప్రశ్నించారు, మోసగించేవాడు తమవాడు కాదని హెచ్చరించారు. ధాన్యపు తేమ విలువ మిర్యాలగూడ వారికి వేరే చెప్పాలా! దాచిపెట్టిన తాళం కూడా అలాంటి తడే. అమ్మేముందు ఖాతా తొలగించి, కొనేవారి ఎదుటే ఫోను తెరిచి చూపాలి. రసీదు రాసివ్వాలి. అప్పు లావాదేవీలనే రాసిపెట్టుకోమన్న ధర్మం మనది.

కొనేవారు *#06# నొక్కితే 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. నంబరు కనిపిస్తుంది. 2023 మే నెలలో దేశమంతటా అందుబాటులోకి వచ్చిన కేంద్ర ప్రభుత్వ ‘సంచార్ సాథీ’లో ఆ నంబరును సరిచూసుకోవచ్చు. పోయినట్టు ఫిర్యాదై నిలిపివేసిన ఫోనైతే అక్కడ తెలిసిపోతుంది. ఫోను పోగొట్టుకున్నవారు ఫిర్యాదు చేసేదీ అక్కడే. తాళం లేనంత మాత్రాన ఫోను నిర్దోషి అని కూడా అనుకోరాదు. దొంగసొత్తని తెలిసి కొనడం చట్టరీత్యానూ నేరమే.

మరి ఆ యువకుడి మాటేమిటి? అతని నాలుగు వేలు కష్టార్జితం. లోపం దాచి అమ్మిన సరుకును తిరిగి ఇచ్చి, సొమ్ము వాపసు కోరే హక్కు షరీఅత్ అతనికి ఇచ్చింది. అమ్మినవాడు ఖాతా తొలగించి ఇవ్వాలి, లేదా డబ్బు తిరిగి ఇవ్వాలి. దొంగసొత్తని తేలితే ఫోను యజమానికి చేరాలి. కొన్నవాడు తన సొమ్ము అమ్మినవాడి నుండే రాబట్టుకోవాలి. డబ్బు తిరిగి రాకపోతే? ఇదే అసలు పరీక్ష. తాను మోసపోయానని మరొక పేదవాడికి అదే ఫోనును అంటగడితే, నిన్నటి బాధితుడే నేటి మోసగాడవుతాడు. నష్టపోయి ఓర్చుకున్నవానికి అల్లాహ్ వద్ద ప్రతిఫలం ఉంది. నష్టాన్ని ఇతరుల మీదికి నెట్టినవానికి మాత్రం లెక్క ఉంది.

ఎవరూ చూడనిచోట కూడా పరుల హక్కును గౌరవించే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.