వెయ్యని అడుగు

మా వాడలో ఏ ముసలాయన పేరూ ఊళ్లోకి పోయి సాబూతుగా తిరిగి రాలేదు. ఇంట్లో ఎల్లయ్య, దొర వాకిట్లో 'ఎల్లిగా'. పేరు విరిస్తే మనిషి విరుగుతడని దొరకు తెలుసు. అందుకే బాక్సర్ మహమ్మదలీ కథ నాకు మావాళ్ల కథలాగే తగుల్తుంది.

1942లో అమెరికాలోని లూయివిల్‌లో పుట్టిన ఆ నల్లబిడ్డకు తల్లిదండ్రులు పెట్టిన పేరు కాసియస్ క్లే. 1964లో హెవీవెయిట్ ఛాంపియన్ అయినంక అది బానిస పేరని వదిలేశాడు.

1967 ఫిబ్రవరిలో హ్యూస్టన్‌లో ఎర్నీ టెరెల్‌తో పోటీ. టెరెల్ అలీని పాత పేరుతోనే పిలిచాడు. అలీ 15 రౌండ్లూ కొట్టాడు. కొడుతూ 'నా పేరేంది?' అని అడిగాడు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ టెరెల్ కూడా నల్లవాడే. బానిస పేర్లు పెట్టిన దొరలకు ఒక్క దెబ్బా తగల్లేదు.

అదే ఏప్రిల్‌లో, అదే హ్యూస్టన్‌లో, వియత్నాం యుద్ధం కోసం సైన్యంలోకి పిలిచారు. పేరు పిలవగానే ఒక అడుగు ముందుకెయ్యాలి. అలీ కదల్లేదు. టైటిల్ పోయింది. 5 ఏళ్ల జైలుశిక్ష పడింది. అప్పీలు మీద బయటున్నా మూడేళ్లకు పైగా రింగులో దిగనియ్యలేదు. 1971లో సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది.

కోపం తప్పని నేననను. కోపం రాకుంటే మేమింకా ఎల్లిగాళ్లమే. అయితే దాన్ని ఎవరి మీద దించాలి? మాలో మేం కొట్టుకుంటే దొరకు చేతినొప్పి తప్పుతుంది. 15 రౌండ్ల పిడికిలి సాటివాణ్ని వంచింది. వెయ్యని ఆ ఒక్క అడుగు సర్కారునే నిలదీసింది.